వేల్స్‌లో ఊళ్ల పేర్లు: పలకడం ఎలా, అర్థం పట్టుకోవడం ఎలా

నమస్తే అండీ. మీరు అడిగింది ఇదీ: మీవారికి కార్డిఫ్‌లో ఆస్పత్రి ఉద్యోగం వచ్చింది, హ్లానిషెన్ అనే పేటలో ఇల్లు చూశారు, మ్యాప్ తెరిస్తే సగం ఊళ్లు రెండు ఎల్ అక్షరాలతోనే మొదలవుతున్నాయి, ఒక్కటీ నోరు తిరగట్లేదు. వీటికి అర్థాలుంటాయా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

నేను 2006లో ఇక్కడికి వచ్చాను. నీటి పైపులు వేసే ముందు జరిగే సర్వే నా పని. అంటే పొలాల వెంట, వాగుల వెంట, పాత మ్యాపులు పట్టుకుని తిరగడం. మొదట్లో నాకూ మీలాగే టెన్షన్‌గా ఉండేది. ఫోన్‌లో ఊరి పేరు చెబితే అవతలివాళ్లకి అర్థమయ్యేది కాదు. తర్వాత సాయంత్రం క్లాసులకి వెళ్లి వెల్ష్ నేర్చుకున్నాను. తెలుగు వచ్చినవాళ్లకి ఈ పేర్లు ఇంగ్లీషు వాళ్లకంటే తొందరగా లొంగుతాయని నా అనుభవం. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఉచ్చారణ. ఆ రెండు ఎల్‌లు కలిస్తే ఒకే అక్షరం. వెల్ష్ అక్షరమాలలో 29 అక్షరాలుంటాయి, వాటిలో ఇదొకటి. 'ల' అనడానికి నాలుకని పైపళ్ల వెనక పెడతాం కదా, అక్కడే ఉంచి, గొంతు మోగించకుండా గాలి మాత్రం ఊదండి. నాలుక పక్కల నుంచి బుసలాంటి చప్పుడు వస్తుంది. అదే ఆ అక్షరం. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు కాబట్టి ఇక్కడ 'హ్ల' అని రాస్తున్నాను. ఇంకో మూడు నాలుగు గుర్తుపెట్టుకోండి: ఒక్క ఎఫ్ ఉంటే 'వ', రెండు ఎఫ్‌లుంటే 'ఫ'. రెండు డీలు ఉంటే ఇంగ్లీషు 'దిస్' మొదట్లో వచ్చే శబ్దం. డబ్ల్యూ చాలాచోట్ల అచ్చు, మన 'ఉ' లేదా 'ఊ'. అందుకే లోయ అనే మాటని సీ, డబ్ల్యూ, ఎం అని మూడు అక్షరాలతో రాసి 'కూమ్' అంటారు. రోడ్డు మీద తెల్ల పెయింటుతో పెద్ద అక్షరాల్లో 'ఆరవ్' అని కనిపిస్తుంది, చివర ఎఫ్ ఉంటుంది. నెమ్మదిగా వెళ్లమని. మొదటి రోజే కనిపించే వెల్ష్ మాట అదే. ఇక ఊనిక దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది.

ఇప్పుడు హ్లాన్. దీన్ని అందరూ 'చర్చి' అని చెబుతారు. తప్పు కాదు కానీ అసలు అర్థం అది కాదు. దడి కట్టిన నేల, చుట్టూ కంచె వేసిన స్థలం, అది మొదటి అర్థం. ఆ పాత అర్థం ఇప్పటికీ మామూలు మాటల్లో బతికే ఉంది: పండ్లతోట పెర్‌హ్లాన్, ద్రాక్షతోట గ్విన్‌హ్లాన్, గొర్రెల దొడ్డి కోర్లాన్. క్రైస్తవం వచ్చిన తొలి శతాబ్దాల్లో ఒక సాధువు వచ్చి ఒక చోట స్థిరపడి, చుట్టూ దడి కట్టి, అందులో చిన్న గుడి, శ్మశానం ఏర్పరిస్తే ఆ ఆవరణకి ఆయన పేరు పెట్టారు. ఆవరణ చుట్టూ ఊరు పెరిగింది. మీ హ్లానిషెన్ అలాంటిదే. ఇసాన్ అనే సాధువు ఆవరణ. అక్కడి పాత చర్చి ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది, వెళ్లాక చూడండి. టిడ్‌నో ఆవరణ హ్లాన్‌డిడ్‌నో, టైలో ఆవరణ హ్లాన్‌డైలో, పెరిస్ ఆవరణ హ్లాన్‌బెరిస్, కోహ్లెన్ ఆవరణ హ్లాన్‌గోహ్లెన్. కార్డిఫ్‌లోనే ఉన్న హ్లాన్‌డావ్ మాత్రం సాధువు పేరు కాదు, టావ్ నది ఒడ్డున ఉన్న ఆవరణ.

ఇక్కడ ఒక విషయం గమనించారా? టైలో పేరు డైలో అయింది. పెరిస్ బెరిస్ అయింది. కోహ్లెన్ గోహ్లెన్ అయింది. ఇంగ్లీషు వాళ్లు ఇక్కడే తికమక పడతారు, మనం పడక్కర్లేదు. నల్ల, కొండ కలిస్తే నల్లగొండ కాలేదా? పెను, కొండ కలిస్తే పెనుగొండ, అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు, కూర, కాయ కలిస్తే కూరగాయలు. బళ్లో గసడదవాదేశం అని బట్టీపట్టించారే, అలాంటిదే ఇదీ. 'క' మెత్తబడి 'గ', 'త' లాంటిది మెత్తబడి 'ద' లాంటిది. వెల్ష్‌లో 'ప' 'బ' అవుతుంది, 'మ' 'వ' అవుతుంది, 'బ' కూడా 'వ' అవుతుంది. కారణం కూడా మనకి తెలిసినట్టే ఉంటుంది. ఎన్నో వందల ఏళ్ల కింద ముందు మాట అచ్చుతో ముగిసేది. రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న హల్లు మెత్తబడింది. కాలక్రమంలో ఆ చివరి అచ్చు రాలిపోయింది, మెత్తదనం మాత్రం మిగిలిపోయింది. మన మాటల్లో అచ్చు ఇంకా ఉంది కాబట్టి కారణం కళ్లెదుట కనిపిస్తుంది, వాళ్ల మాటల్లో కనిపించదు. అంతే తేడా.

మేరీ మాత పేరు వెల్ష్‌లో మైర్. మైర్ ఆవరణ కాబట్టి హ్లాన్‌వైర్. ఈ పేరుతో వేల్స్‌లో చాలా ఊళ్లున్నాయి, అందుకే పక్కన ఇంకో గుర్తు చేర్చి చెబుతారు. ఇక 'గ' విషయానికొస్తే, అది మెత్తబడితే ఏకంగా మాయమైపోతుంది. వేల్స్‌లో అన్నిటికంటే ఎత్తయిన పర్వతం, 1,085 మీటర్లు, ఇంగ్లీషులో స్నోడన్. దాని వెల్ష్ పేరు అర్ విద్‌వా. అసలు మాట గ్విద్‌వా, అంటే సమాధి దిబ్బ. ముందు 'అర్' చేరగానే 'గ' ఎగిరిపోయింది. అక్కడ రీటా అనే రాక్షసుణ్ణి ఆర్థర్ రాజు చంపి పూడ్చాడని కథ. మీకు పనికొచ్చే ఉదాహరణ కూడా ఉంది. కార్డిఫ్‌లో పెన్-అ-లాన్ అని ఒక పేట ఉంది, మీ పిల్లల బడి అటువైపే రావచ్చు. చాలామంది అదీ హ్లానే అనుకుంటారు. కాదు. ఏటవాలు గట్టుని గ్లాన్ అంటారు, 'గ' పోయి లాన్ మిగిలింది. పెన్ అంటే తల, కొస. మొత్తం కలిపితే గట్టు పైభాగం. అక్కడికి నడిచి వెళ్తే ఆ ఎక్కుడుతో కాళ్లే అర్థం చెబుతాయి.

ఇలాంటి ముక్కలు ఒక ఇరవై నేర్చుకుంటే మ్యాప్‌లో సగం పేర్లు విడిపోతాయి. అబెర్ అంటే నది సముద్రంలోనో ఇంకో నదిలోనో కలిసే చోటు: అబెరిస్ట్విత్, అబెర్‌టావె, అబెర్‌డార్. నాంట్ వాగు, బ్రిన్ గుట్ట, కోయిడ్ అడవి, రీడ్ నదిని నడిచి దాటే రేవు, మోర్వా సముద్రం పక్క చిత్తడి, బ్లైన్ లోయ తల. అనిస్ అంటే దీవి, కానీ నది పక్కన తడిగా ఉండే లంక భూమిని కూడా అదే అంటారు. కోనసీమ వాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పోంట్ వంతెన, లాటిన్ నుంచి వచ్చింది. పోంట్-అ-ప్రీద్ అనే ఊరి పేరు పూర్తిగా పోంట్-అ-టీ-ప్రీద్, మట్టి ఇంటి దగ్గర వంతెన. మధ్యలో ఇల్లు అనే 'టీ' రాలిపోయింది. అక్కడ 1756లో విలియం ఎడ్వర్డ్స్ కట్టిన ఒంటి కమాను రాతి వంతెన ఇప్పటికీ నిలిచి ఉంది.

రంగుల మాటల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. గ్లాస్ అనే వెల్ష్ మాటని నిఘంటువులో చూస్తే నీలం అని ఉంటుంది. కానీ గడ్డిని గ్లాస్‌వెహ్ల్ట్ అంటారు, గడ్డి నీలంగా ఉండదు కదా. పాత రోజుల్లో నీలం, లేత ఆకుపచ్చ, బూడిద నీలం అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడేవి. మనం పచ్చగడ్డి అన్నప్పుడు ఒక రంగు, గుడ్డులో పచ్చసొన అన్నప్పుడు ఇంకో రంగు అనుకోమా, అలాగే. అర్ విద్‌వా కింద గ్లాస్‌లిన్ అనే సరస్సు ఉంది. దాన్ని నీలి సరస్సు అనాలా, ఆకుపచ్చ సరస్సు అనాలా అని నన్ను అడిగితే, ఆ గట్టున నిలబడి చూసి రమ్మంటాను. ఒక్క మాటే సరిపోతుందని అప్పుడు తెలుస్తుంది.

కోటల పేర్లలో కైర్ వస్తుంది. కార్డిఫ్ వెల్ష్ పేరు కైర్‌డీద్. టావ్ నది మీద కోట. ఇప్పుడున్న కోట కింద రోమన్ కోట పునాదులున్నాయి, ఆ 'కైర్' అదే. ఇంగ్లీషు పేరు వెల్ష్ పేరుకి చెడిపోయిన రూపం అని చాలామంది అంటారు. ఈ విషయంలో అది నిజం కాదు. వెల్ష్ పాత రూపం కైర్‌డీవ్. చివరి 'వ' తర్వాతి కాలంలో వెల్ష్ నోళ్లలో మారింది. ఇంగ్లీషు రూపం పాత శబ్దం ఉన్నప్పుడే విడిపోయి, దాన్ని తన దగ్గర దాచుకుంది. కైర్‌నార్వోన్ ఇంకా తేలిక: కైర్, అన్, ఆర్వోన్. మోన్ దీవికి (ఇంగ్లీషులో ఆంగ్లసీ) ఎదురుగా ఉన్న నేల ఆర్వోన్, అందులోని కోట.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు కార్మార్థెన్, వెల్ష్‌లో కైర్‌వర్దిన్. రోమన్ల కాలంలో ఆ చోటు పేరు మోరిడూనుమ్. సముద్రపు కోట అని అర్థం. నోటినుంచి నోటికి పోతూ, అరిగి అరిగి, అది మర్దిన్ అయింది. అప్పటికి అందులో కోట అనే మాట దాగి ఉందని ఎవరికీ తెలియదు. అందుకని ముందు మళ్లీ కైర్ చేర్చారు. కోట రెండుసార్లు వచ్చింది. అక్కడితో ఆగలేదు. కైర్‌వర్దిన్ అంటే మర్దిన్ కోట, మరి ఈ మర్దిన్ ఎవరు అని జనం అడిగారు. జవాబుగా ఒక మనిషి పుట్టాడు, జోస్యం చెప్పేవాడు. 12వ శతాబ్దంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే రచయిత లాటిన్‌లో రాస్తూ ఆయన్ని మెర్లినుస్ అన్నాడు. ఆర్థర్ రాజు కథల్లో మీరు విన్న మాంత్రికుడు మెర్లిన్ పేరు ఇలా ఒక ఊరి పేరు నుంచి వచ్చిందని పండితుల్లో చాలామంది నమ్ముతారు. మామూలుగా మనిషి పేరు ఊరికి వస్తుంది. ఇక్కడ ఊరు మనిషిని కన్నది.

అందుకే కథ విని అర్థం ఖాయం చేసుకోవద్దని చెప్తాను. ఉత్తర వేల్స్‌లో బెద్‌గెలెర్ట్ అని అందమైన ఊరుంది. బెద్ అంటే సమాధి. గెలెర్ట్ సమాధి. గెలెర్ట్ ఎవరంటే హ్లవెలిన్ రాజు వేటకుక్క అని చెబుతారు. రాజు వేటకెళ్లి తిరిగొచ్చేసరికి ఉయ్యాల తిరగబడి ఉంది, బిడ్డ లేడు, కుక్క మూతి నిండా రక్తం. కోపంతో కత్తి దూసి కుక్కని పొడిచేశాడు. అప్పుడు ఉయ్యాల కింద నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. పక్కనే చచ్చిపడున్న తోడేలు. ఇది చదువుతుంటే మీకు ఏదో గుర్తొస్తోంది కదా? పంచతంత్రంలో ముంగిస కథ. నీళ్లకెళ్లిన తల్లి తిరిగొచ్చి, మూతికి రక్తం చూసి ముంగిసని చంపేస్తుంది, లోపల పాము ముక్కలై పడుంటుంది. అదే కథ మన దేశం నుంచి పడమటికి ప్రయాణించి, దారిలో ముంగిస కుక్కగా, పాము తోడేలుగా మారి, యూరప్‌లో చాలాచోట్ల స్థిరపడింది. ఈ ఊళ్లో దాన్ని ఆ పేరుకి అతికించి, పచ్చిక మధ్య రాళ్లు నిలబెట్టి సమాధిగా చూపించడం 18వ శతాబ్దం చివర్లో జరిగింది. అక్కడి హోటల్ యజమాని యాత్రికుల్ని రప్పించడానికి చేశాడని చరిత్రకారులు చెబుతారు. ఊరి పేరు అంతకంటే చాలా పాతది. అది ఏ సాధువుదో, నాయకుడిదో అయ్యుండాలి. నేను మొదటిసారి ఆ సమాధి దగ్గరికి వెళ్లినప్పుడు చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. అమ్మమ్మ చెప్పిన కథకి ఇంత దూరంలో రాళ్లు పెట్టి ఉంటే ఎలా వచ్చేస్తాం?

మరి నిజమైన అర్థం ఎలా తేల్చాలి? రెండు పనులు చేయాలి. దొరికినంతలో పాత రాతప్రతిలో ఆ పేరు ఎలా రాశారో చూడాలి. తర్వాత వెళ్లి నేలని చూడాలి. రెండూ ఒకే మాట చెబితే నమ్మండి.

ఒక సంగతి చెప్తాను. కొన్నేళ్ల కింద పడమటి వేల్స్‌లో ఒక పైపు దారి సర్వే చేశాం. ఆధునిక మ్యాప్‌లో ఆ పొలానికి పేరే లేదు, నంబరు మాత్రమే. వేసవి, నేల గట్టిగా ఉంది, పరీక్ష గుంట తవ్వమని చెప్పాం. మీటరు దిగకముందే గుంట అడుగున నీళ్లు ఊరడం మొదలైంది. పది నిమిషాల్లో మోకాలి లోతు. పంపు పెట్టినా తగ్గలేదు, గుంట గోడలు కూలాయి, ఆ రోజు పని పోయింది. కంచె అవతల నుంచి చూస్తున్న ముసలి రైతు వచ్చి, మా తాత దీన్ని కై ఫన్నోన్ అనేవాడు అన్నాడు. కై పొలం, ఫన్నోన్ ఊట బావి. ఆ రాత్రి ఇంటికొచ్చి 1840ల నాటి పన్ను మ్యాప్ తెరిచాను. 1836లో వచ్చిన చట్టం ప్రకారం, చర్చికి చెల్లించే పంటలో పదో వంతుని డబ్బు రూపంలోకి మార్చడానికి, ప్రతి పొలాన్నీ కొలిచి, యజమాని, కౌలుదారు, పొలం పేరు వరసగా రాశారు. మా పొలం ఎదురుగా అదే పేరు, చక్కటి చేతిరాతలో. చదివి ఉంటే ఆ గుంట అక్కడ తవ్వేవాళ్లమే కాదు. అప్పటినుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు పొలాల పేర్లు చదువుతాను.

ఈ మ్యాపుల్ని అబెరిస్ట్విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 2016 చట్టం ప్రకారం చారిత్రక స్థలనామాల జాబితా కూడా ఒకటి తయారైంది, అందులో లక్షల పేర్లున్నాయి. బాంగోర్ విశ్వవిద్యాలయంలో మెల్విల్ రిచర్డ్స్ జీవితమంతా స్లిప్పుల మీద రాసిపెట్టిన పేర్లు కూడా వెతుక్కోవచ్చు. మీ వీధి పేరుతో మొదలుపెట్టండి.

అన్ని పేర్లూ వెల్ష్ కావు. స్వాన్సీ అనేది స్కాండినేవియా నుంచి సముద్రం మీద వచ్చిన నార్స్ వాళ్ల పేరు, స్వేన్ అనేవాడి దీవి. దాని వెల్ష్ పేరు అబెర్‌టావె, టావె నది ముఖద్వారం. రెండిటికీ సంబంధమే లేదు. ఆంగ్లసీ కూడా నార్స్ పేరే. నైరుతి వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ దక్షిణాన 12వ శతాబ్దంలో ఫ్లెమింగులు, అంటే ఇప్పటి బెల్జియం వైపు నుంచి వచ్చినవాళ్లు, స్థిరపడ్డారు కాబట్టి అక్కడ ఇంగ్లీషు తరహా పేర్లు ఎక్కువ. పలక గనుల దగ్గర బెథెస్డా, ఇంకోచోట బెత్లెహేమ్, హెబ్రోన్ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ముందు చాపెల్ (చిన్న ప్రార్థన మందిరం) కట్టి దానికి బైబిల్ పేరు పెట్టారు, చుట్టూ ఊరు వచ్చింది. ఇక దేశం పేరు: వేల్స్ అనేది పాత ఇంగ్లీషులో పరాయివాళ్లు అనే మాట నుంచి వచ్చింది. వాళ్లు తమ దేశాన్ని కమ్‌రి అంటారు, ఒకే నేలవాళ్లు అనే మాట నుంచి.

మీరు ఫొటోలో చూసి భయపడ్డానన్న ఆ పొడవాటి రైల్వే స్టేషన్ పేరు కూడా చెప్పేస్తాను. రోమన్ లిపిలో 58 అక్షరాలు. విడదీస్తే భయం ఉండదు: హ్లాన్‌వైర్, మేరీ ఆవరణ, పూహ్ల్, మడుగు, గ్విన్ గిహ్ల్, తెల్ల హేజెల్ చెట్లు, తర్వాత వేగంగా తిరిగే సుడిగుండానికి దగ్గర, చివర ఎర్ర గుహ దగ్గరి టసిల్యో ఆవరణ. ఊరి అసలు పేరు మొదటి భాగం మాత్రమే, హ్లాన్‌వైర్ పూహ్ల్‌గ్విన్‌గిహ్ల్. మిగతాది 1860ల్లో రైలు యాత్రికుల కోసం తగిలించిన తోక. ఊళ్లోవాళ్లు హ్లాన్‌వైర్‌పూహ్ల్ అని ఊరుకుంటారు.

2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చని చెప్పినవాళ్లు దాదాపు 5,38,000 మంది, 17.8 శాతం. భాష ఇంట్లో లేనివాళ్లు కూడా ఆ భాష పేర్లలోనే కాపురం ఉంటున్నారు. అందుకే ఇక్కడ పేరు చిన్న విషయం కాదు. 2022లో ఎరరి (ఇంగ్లీషులో స్నోడోనియా) జాతీయ పార్కు, 2023లో బాన్నై బ్రఖైన్యోగ్ (ఇంగ్లీషులో బ్రెకన్ బీకన్స్) పార్కు తమ వెల్ష్ పేర్లే వాడాలని నిర్ణయించుకున్నాయి. బయటివాళ్లు పాత ఇల్లు కొని, వందల ఏళ్ల పేరు తీసేసి ఏదో తేలిక పేరు పెట్టడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ ఇంటి పేరులో ఒక వాగో, ఒక రేవో, ఒక మనిషో ఉండుంటారు.

అబెరిస్ట్విత్‌కి దక్షిణంగా రోడ్డు పక్కన ఒక పాత గోడ ఉంది. దాని మీద 'కోవ్యుఖ్ డ్రవెరిన్' అని రాసి ఉంటుంది. ట్రవెరిన్‌ని మరవకండి అని. 1965లో లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ట్రవెరిన్ లోయలో కట్టిన జలాశయం కింద కాపెల్ కెలిన్ అనే ఊరు మునిగిపోయింది. బడి, చాపెల్, పోస్టాఫీసు, ఇళ్లు అన్నీ. జలాశయాన్ని ఇప్పుడు హ్లిన్ కెలిన్ అంటారు. మునిగిన ఊరి పేరులో సగం నీళ్ల మీద తేలుతోంది. ఆ గోడ మీద మొదట మెత్తబడని 'ట్ర' ఉండేది, తర్వాత వ్యాకరణం ప్రకారం 'డ్ర' అని దిద్దారు. మీరు అటువైపు వెళ్తే కారాపి చూడండి. పైన చెప్పిన మెత్తబడటం అక్కడ అడుగు ఎత్తు అక్షరాల్లో కనిపిస్తుంది.

ఇల్లు ఖాయమయ్యాక వీధి పేరు ఇక్కడ రాయండి, దాన్ని కూడా విడదీసి చెప్తాను. ఇంటికి నంబరుతో పాటు పేరు కూడా ఉంటే అదీ రాయండి.